ఎవరి గతం? ఎవరి మీద?
(జర్మన్ నేతపనివారి చిత్రాలు, రేనాటి పాట, ప్రొద్దుటూరు కావ్యాలు)

ప్రతిఘటన కళ అనే మాటను మన విమర్శ చాలా చౌకగా వాడుతున్నది. పాలకుడి మీద కోపం కనబడిన ప్రతి పద్యానికీ, ప్రతి పాటకూ ఆ మాట తగిలించి తృప్తిపడుతున్నాం. కళాశాలల్లో జాతీయోద్యమ కవిత్వం పాఠం చెప్పేటప్పుడు ఒక జాబితా చదువుతాం. ఆ జాబితాలో ఎవరు ఎవరిని ఎదిరించారో, ఏ ఆయుధంతో ఎదిరించారో, ఆ దెబ్బ చివరికి ఎవరికి తగిలిందో విచారించం. విచారించకపోవటం వల్ల కలిగే నష్టం పరీక్ష పేపరుతో పోయేది కాదు. నిన్న విదేశీ పాలకుడి మీద ఎక్కుపెట్టిన బాణం ఈనాడు పక్కింటివాడి మీదికి తిరిగినప్పుడు, అది అప్పుడే అటు తిరిగే వీలుతో తయారయిందా అని అడగవలసిన బాధ్యత విమర్శకుడిదే.

ఈ వ్యాసంలో మూడు రకాల కళాసృష్టిని పక్కపక్కన పెట్టి చూడదలిచాను. ఒకటి జర్మనీలో 1890ల నుంచి హిట్లర్ కాలం దాకా ప్రజల పక్షాన నిలిచిన అచ్చు చిత్రాలు. రెండవది కడప, కర్నూలు సీమల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద పుట్టిన జానపదగేయం. మూడవది ప్రొద్దుటూరు కేంద్రంగా వెలసిన చారిత్రక కావ్యాలు. ఈ మూడింటినీ కలిపే సూత్రం ఒకటున్నది. మూడూ గతాన్నే వస్తువుగా తీసుకున్నాయి. గతాన్ని తీసుకోవటంలో తప్పులేదు. ఎవరి గతాన్ని తీసుకున్నాయి, దాన్ని ఎవరి మీద ప్రయోగించాయి అన్నదే ప్రశ్న.

మొదట రెండు తేదీలు. 1844 జూన్‌లో ప్రష్యా రాజ్యంలోని సైలీషియాలో పీటర్స్‌వాల్డౌ, లాంగెన్‌బీలౌ అనే ఊళ్ళ నేతపనివారు తిరగబడ్డారు. రెండేళ్ళ తరువాత 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద నరసింహారెడ్డి దండు పడింది. కోయిలకుంట్ల ఆనాడు కడప జిల్లాలోని తాలూకా. ఈనాడు నంద్యాల జిల్లాలో వున్నది. ఆ ఊళ్ళవారికి ఈ ఊరి పేరు తెలియదు, ఈ ఊరివారికి ఆ ఊళ్ళ పేర్లు తెలియవు. అయినా ఈ రెండు ప్రాంతాల మీదా పడిన నీడ ఒకటే. ఇంగ్లండు యంత్రాల సరుకు సైలీషియా మగ్గాల కూలిని అడుగంట కొట్టింది. మన గుంటమగ్గాలను ఎండబెట్టిందీ ఆ సరుకే. సైలీషియాలో యజమానులు కూలి కోసినట్టే, దత్తమండలాల్లో కుంపిణీ దొరతనం మాన్యాలు కోసింది. లాభం గుంజుకునే చెయ్యి ఒకటే అయినప్పుడు తిరుగుబాట్లు ఒకే దశాబ్దంలో రావటం వింత కాదు.

సైలీషియాలో ప్రష్యా సైన్యం కాల్పులు జరిపింది. పదకొండుమంది చచ్చిపోయారు. రెండు మూడు రోజుల్లో అంతా సద్దుమణిగింది. సంఖ్య చూస్తే చిన్న సంఘటన. కాని ఆ వేసవిలోనే పారిస్‌లో వుంటున్న హైనే దాని మీద గేయం రాశాడు. అది అక్కడి జర్మన్ ప్రవాసుల పత్రికలో అచ్చయింది. అదే పత్రికలో యువకుడైన మార్క్స్ ఆ నేతగాళ్ళ చైతన్యాన్ని గుర్తించి రాశాడు. వారు యంత్రాలను పగలగొట్టి ఊరుకోలేదనీ, వర్తకుల ఖాతా పుస్తకాలను కూడా నాశనం చేశారనీ ఎత్తి చూపాడు. కళ్ళ ముందు కనబడే యంత్రాన్ని కొట్టటానికి కోపం చాలు. ఖాతా పుస్తకాన్ని చింపటానికి శత్రువు ఎక్కడ దాగి వున్నాడో తెలియాలి. ప్రతిఘటన కళకు కూడా ఈ తేడా కొలబద్ద అవుతుందని నా అభిప్రాయం.

దాదాపు యాభై ఏళ్ళ తరువాత గెర్హార్ట్ హౌప్ట్‌మన్ ఈ తిరుగుబాటును నాటకంగా రాశాడు. 1892లో బెర్లిన్ పోలీసులు ప్రదర్శనను నిషేధించారు. 1893 ఫిబ్రవరిలో ఒక నాటక సంఘం సభ్యుల కోసం మాత్రమే దాన్ని ఆడింది. కేసు న్యాయస్థానానికి వెళ్ళి చివరకు నిషేధం తొలగింది. తొలగటానికి చూపిన కారణాన్ని సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఆ నాటకశాలలో టికెట్ల ధర ఎక్కువ కాబట్టి అక్కడికి శ్రామికులు పెద్దగా రారట. వచ్చేవారు అల్లర్లకు దిగే తరగతివారు కారట. కాబట్టి ప్రమాదం లేదట! రాజ్యం నాటకంలోని ఇతివృత్తాన్ని చూసి భయపడలేదు. ఆ ఇతివృత్తం ఎవరి దగ్గరకు చేరుతుందో చూసి భయపడింది. వస్తువు అభ్యుదయకరమైతే చాలునని వాదించే మన మిత్రులు ఈ తీర్పును ఒకసారి ఆలోచించాలి. కళారూపం ఎంతమందికి చేరగలదన్న ప్రశ్న రాజకీయ ప్రశ్న అని ప్రష్యా న్యాయమూర్తులకు తెలుసు.

ఆనాటి సభ్యుల ప్రదర్శన చూసినవారిలో ఇరవై ఐదేళ్ళ చిత్రకారిణి కేటే కోల్‌విట్స్ ఒకరు. అప్పటికి చేస్తున్న పని పక్కన పెట్టి ఆమె నేతపనివారి తిరుగుబాటు మీద 1893 నుంచి 1897 దాకా శ్రమించి ఆరు చిత్రాలు చేసింది. మూడు రాతి అచ్చు బొమ్మలు, మూడు రాగిరేకు మీద చెక్కి తీసిన బొమ్మలు. మొదటి బొమ్మలో మగ్గం వున్న చీకటి గది. చావుబతుకుల్లో వున్న బిడ్డ పక్కన తల పట్టుకుని కూర్చున్న తల్లి. రెండవదానిలో ఆ గదిలోకి మృత్యువు వస్తుంది. మూడవదానిలో మసక దీపం కింద నలుగురు మగవాళ్ళు తలలు దగ్గర చేర్చి మంతనం చేస్తుంటారు. నాలుగవది ఊరేగింపు. అందులో ఒక ఆడమనిషి వీపున నిద్రపోతున్న బిడ్డను మోసుకుంటూ నడుస్తుంటుంది. ఐదవది యజమాని బంగళా ఇనప గేటు. ఆడవాళ్ళు బాట రాళ్ళు పెకలిస్తుంటారు. ఆరవది మళ్ళీ ఆ గదే. మగ్గం పక్కన శవాలు తెచ్చి పడుకోబెడుతుంటే ఒక స్త్రీ పిడికిళ్ళు బిగించి నిలబడి వుంటుంది.

ఈ ఆరు చిత్రాల్లో నాయకుడు లేడు. మొదటి నుంచి చివరి దాకా వెతికినా ఇతడే కథానాయకుడని వేలు పెట్టి చూపగలిగే మనిషి దొరకడు. ఆకలి వున్నది, ఆలోచన వున్నది, నడక వున్నది, దెబ్బ వున్నది, ఓటమి వున్నది. ఇంట్లో మొదలయిన కథ ఇంట్లో ముగిసింది. అయితే మొదటి గదిలో తల్లి తల వంచుకుని కూర్చుంటే, చివరి గదిలో స్త్రీ నిలబడి వున్నది. ఈ మార్పే ఆ చిత్రాల సారాంశం. కోల్‌విట్స్ మొదట ఏడవ చిత్రంగా ఒక సంకేత చిత్రం కూడా సిద్ధం చేసి, తరువాత వదిలేసింది. ప్రజల గాయాలను దైవీకరించి చూపే ఆ చిత్రం చేర్చి వుంటే వాస్తవం మీద ఊరడింపు కప్పినట్టయ్యేది. వదిలేయటమే సరైన పని.

1898లో బెర్లిన్ మహాప్రదర్శనలో ఈ చిత్రాలు ప్రదర్శించారు. వృద్ధ చిత్రకారుడు అడోల్ఫ్ మెంజెల్ వీటికి స్వర్ణపతకం ఇవ్వాలని సూచించాడు. కైజర్ రెండవ విల్‌హెల్మ్ ఒప్పుకోలేదు. తరువాత 1901 డిసెంబరులో ఆ కైజరే, దైన్యాన్ని వున్నదానికన్న వికారంగా చూపే కళ మురుగు కాలవలోకి దిగుతున్నదని ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసానికి సందర్భం ఏమిటంటే, బెర్లిన్‌లో తన పూర్వీకుల పాలరాతి విగ్రహాలు వరుసగా నిలబెట్టించి విజయవీథి పూర్తి చేయటం! అతడికి కూడా గతం కావాలి, చరిత్ర కావాలి. రాజుల గతం ఒక వైపు పాలరాతిలో నిలబడింది. పనివాళ్ళ గతం మరో వైపు కాగితం మీద అచ్చయింది. పాలరాతి విగ్రహం వున్నచోటే వుంటుంది. అచ్చుబొమ్మ వందల ప్రతులై పోగలిగినంత దూరం పోతుంది.

కోల్‌విట్స్ ఆ తరువాత 1902 నుంచి 1908 దాకా రైతుయుద్ధం అనే ఏడు చిత్రాలు చేసింది. అవి 1525 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు గురించినవి. 1848 విప్లవం ఓడిపోయిన తరువాత ఎంగెల్స్ ఆ తిరుగుబాటు మీదనే పుస్తకం రాశాడు. అంటే మూడు వందల ఏళ్ళనాటి ఓటమిని కూడా ఈనాటి పోరాటానికి ముడిసరుకుగా వాడవచ్చు. షరతు ఒకటే. ఆనాటి అణచివేతకూ ఈనాటి అణచివేతకూ మధ్య నిజమైన బంధుత్వం వుండాలి. 1844 నాటి యజమాని మనవడు 1893లో కూడా యజమానే. అందుకే కైజర్‌కు ఆ బొమ్మలు ఎవరిని గురించి మాట్లాడుతున్నాయో ఒకరు చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇక మన సీమకు వద్దాం. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి పాళెగాళ్ళను అణచివేశాడు. కొందరికి నెలసరి భరణం ఏర్పాటయింది. నరసింహారెడ్డి వాటాకు వచ్చిన భరణం 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాళెగాడి వంశానికి చెందిన భరణంలో తనకు రావలసిన భాగం ఇవ్వమంటే దొరతనం నిరాకరించింది. ఇది నాయకుడి కారణం. కాని ఒక మనిషి భరణం కోసం వందలమంది ప్రాణాలు ఒడ్డుతారా? ఒడ్డరు. వారి కారణం వేరు. గ్రామాల కావలి కాస్తూ అందుకు మాన్యాలు అనుభవిస్తున్న కట్టుబడివాళ్ళ భూములను కుంపిణీ లాక్కుంటున్నది. బోయలూ ఇతర శ్రామిక కులాలవారూ బతుకుతెరువు పోయి వున్నారు. నరసింహారెడ్డి అనుచరుడుగా ప్రసిద్ధికెక్కిన వడ్డె ఓబన్న పాళెగాడు కాడు. ఆ దండు నడిచింది భరణం లెక్క మీద కాదు, పోయిన మాన్యాల లెక్క మీద.

1846 అక్టోబరులో నరసింహారెడ్డి దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. అంతటితో ఆగలేదు. తలను కోట మీద వేలాడదీశారు. అది 1877 దాకా, అంటే ముప్పయి ఏళ్ళు అక్కడే వున్నది. ఒక తరం పుట్టి పెరిగి పిల్లలను కన్నంత కాలం ఆ దారిన సంతకు పోయే ప్రతి మనిషీ దాన్ని చూడవలసి వచ్చింది. ఇది దొరతనం పెట్టిన ప్రదర్శనశాల. భయం అనే ఒక్క భావాన్ని జనంలో నింపటానికి రాజ్యం ఎన్నుకున్న దృశ్యకళ.

దానికి జనం ఇచ్చిన జవాబే రేనాటి పాట. ఊరూరూ తిరిగి అడుక్కుతినే గాయకులూ, కోలాటాలు వేసేవాళ్ళూ ఆ పాటను మోశారు. అచ్చుయంత్రం లేదు, కాగితం లేదు, టికెట్టు లేదు. ప్రష్యా న్యాయస్థానం చెప్పిన లెక్క ప్రకారం చూస్తే ఇంతకన్న ప్రమాదకరమైన కళ వుండదు. కోట మీద తల ఒకటే. జనం నోళ్ళలో పాట వెయ్యి. తలను చూపి దొరతనం ఇదీ మీ గతి అన్నది. పాట ఆ తలకు ఒళ్ళు తొడిగి, గుర్రమెక్కించి, మళ్ళీ ఊళ్ళ మీదికి తెచ్చింది. ఈ గేయగాథను తంగిరాల వెంకట సుబ్బారావు 'రేనాటి సూర్యచంద్రులు' గ్రంథంలో పరిశీలించారు. ఆ పేరులో సూర్యుడు నరసింహారెడ్డి. చంద్రుడు ఉయ్యాలవాడకే చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆకలిగొన్నవారికి గంజి పోసినందుకు ఆయనకు విక్టోరియా రాణి పతకం వచ్చింది. ఒకరిని కుంపిణీ ఉరితీసింది, మరొకరిని రాణి సత్కరించింది. జనం ఇద్దరి మీదా పాట కట్టారు. జనానికి రాజభక్తి, రాజద్రోహం అనే కొలతలు పట్టలేదు. తమ ఆకలి పట్ల ఎవడెలా నడుచుకున్నాడన్నదే వారి కొలత.

ఇంతవరకు పాట గొప్పదనం. ఇప్పుడు దాని పరిమితి కూడా చెప్పాలి. పాట వీరుడి చుట్టూ తిరుగుతుంది. కోల్‌విట్స్ చిత్రాల్లో గుంపు వున్న చోట ఇక్కడ గుర్రమూ, కత్తీ, మీసమూ వున్నాయి. మాన్యం పోయిన కట్టుబడివాడు, బిడ్డను వీపున కట్టుకుని దండు వెంట నడిచిన తల్లి, ఈ పాటకు మధ్యలో నిలబడలేదు. ఇది పాడినవారి లోపం అనలేం. భూస్వామ్య సమాజంలో పుట్టిన పాటకు ఆ సమాజం నేర్పిన వీరుడి నమూనాయే అందుబాటులో వున్నది. శత్రువును మాత్రం పాట సరిగా గుర్తుపట్టింది. కుంపిణీవాణ్ణి కుంపిణీవాడనే అన్నది. ఖాతా పుస్తకాన్ని చింపే చూపు లేకపోయినా, ఖజానాను గుర్తుపట్టే చూపు వున్నది.

ఇప్పుడు మూడవ విషయం. ఇరవయ్యవ శతాబ్దం మొదటి సగంలో ప్రొద్దుటూరు ఒక సాహిత్య పీఠంగా వెలిగింది. జమ్మలమడుగు గడ్డ మీద పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని 'రాణా ప్రతాపసింహ చరిత్ర' రాశారు. జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెలో పుట్టిన గడియారం వేంకటశేషశాస్త్రి 'శివభారతం' రాశారు. ఇద్దరూ ప్రొద్దుటూరును తమ నెలవు చేసుకున్నవారు. వీరి పాండిత్యం, పద్యశక్తి వివాదానికి అతీతం. ఈ కావ్యాలను పాఠ్యంగా చదివి ఒళ్ళు పులకరించినవారు ఈ జిల్లాలో ఎందరో వున్నారు. దేశం దాస్యంలో వున్నప్పుడు స్వాతంత్ర్యం కోసం అడవుల పాలయిన రాణా కథ, స్వరాజ్యం స్థాపించిన శివాజీ కథ చెప్పటం దేశభక్తి కాక మరేమిటి? ఆనాటి పాఠకుడు మొగలాయిల స్థానంలో ఇంగ్లీషువాణ్ణి పెట్టుకుని చదివాడు. కవి ఉద్దేశించిన ధ్వని అదే. దీన్ని కాదనేవాడు సహృదయుడు కాడు.

కాని మన ఆలంకారికులు చెప్పిన మాటనే ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వ్యంగ్యార్థం దానంతట అది పుట్టదు. చెప్పేవాడు, వినేవాడు, ప్రకరణం, దేశం, కాలం అనే సామగ్రి కలిస్తే పుడుతుంది. ఆ సామగ్రిలో ఒకటి జారిపోతే మిగిలేది వాచ్యార్థమే. 1947 ఆగస్టుతో ఇంగ్లీషువాడు వెళ్ళిపోయాడు. వ్యంగ్యార్థాన్ని నిలబెట్టిన ప్రకరణం అతనితోపాటు వెళ్ళిపోయింది. పుస్తకంలో మిగిలిందేమిటి? హిందూ రాజు, తురక పాదుషా. ఆ కాలం ఎరగని ఈనాటి కుర్రవాడు ఆ పద్యాలను ఉన్నవి ఉన్నట్టు చదువుకుంటే అతడి చేతికి అందే శత్రువు ఎవరు? లాంకషైర్ మిల్లువాడు కాడు, మన్రో కాడు. ప్రొద్దుటూరు బజారులో అతడి పక్క దుకాణంలో కూర్చున్న ముసల్మాను. ఆ కవులు దీన్ని కోరారని నేనంటం లేదు. వారు ఎన్నుకున్న కథలో ఆ ప్రమాదం వున్నదంటున్నాను.

చరిత్ర అంత సూటిగా లేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1576లో హల్దీఘాట్ యుద్ధంలో అక్బరు సేనను నడిపినవాడు రాజపుత్రుడైన మానసింగ్. రాణా ప్రతాప్ పక్షాన ముందుండి పోరాడినవాడు హకీంఖాన్ సూర్ అనే పఠాను. ఈ సంగతి చెప్పకుండా ఆ కావ్యాన్ని పాఠం చెప్పే ఉపాధ్యాయుడు సగం పాఠమే చెబుతున్నాడు.

మరొక ప్రశ్న దీనికన్న పదునైనది. ఈ కవుల కళ్ళ ముందు, తమ జిల్లా చరిత్రలోనే, ఇంగ్లీషువాడితో నేరుగా పోరాడి ఉరికెక్కిన మనిషి వున్నాడు. అతడి పాట జమ్మలమడుగు పొలాల్లో వినబడుతూనే వున్నది. అయినా కావ్యానికి నాయకుడు చిత్తూరుగడ నుంచి, రాయగడ నుంచి రావలసి వచ్చింది. ఎందుకు? అధికారానికి జంకటం ఒక కారణం కావచ్చు. అఖిల భారత భావన మరొక కారణం కావచ్చు. కాని నాకు ముఖ్యంగా తోచేది కావ్యలక్షణమే. ప్రఖ్యాత వంశంలో పుట్టిన ధీరోదాత్తుడు కావాలి. పురాణేతిహాసాల పక్కన నిలబడగల పేరు కావాలి. బిచ్చగాడి పాటలోని మనిషి ఆ గడప దాటలేకపోయాడు. పండితుడి చెవికీ పల్లెపాటకూ మధ్య వున్న వర్గభేదమే ఇక్కడ వస్తువును నిర్ణయించింది. ధ్వని మార్గాన వెళ్ళవలసిన అగత్యం కొంతవరకు ఆ భేదం తెచ్చిపెట్టిందే.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. నిర్బంధం వున్న రోజుల్లో ముసుగు తప్పదు గదా, జర్మనీలో మాత్రం కళాకారులు ముసుగు వేసుకోలేదా? వేసుకున్నారు. వేసుకోనివారు దేశం వదలవలసి వచ్చింది. జాన్ హార్ట్‌ఫీల్డ్ ఫొటోలను కత్తిరించి అతికించి హిట్లర్ పేగుల్లో పారిశ్రామికాధిపతుల బంగారు నాణేలు చూపించాడు. 1933లో అతడు ప్రాగ్‌కు పారిపోయాడు. ఖాతా పుస్తకాన్ని చింపిన కళ అది. కోల్‌విట్స్ దేశంలోనే వుండిపోయింది. నాజీలకు ఎదురుగా సోషలిస్టులూ కమ్యూనిస్టులూ ఏకం కావాలన్న విజ్ఞప్తి మీద సంతకం చేసినందుకు 1933లో ఆమెను ప్రష్యన్ కళాపరిషత్తు నుంచి వెళ్ళగొట్టారు. 1936లో గెస్టాపో ప్రశ్నించి, నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించింది. ఆమె బొమ్మలు ప్రదర్శించే వీలు లేకుండా పోయింది. 1937 జూలైలో మ్యూనిక్‌లో నాజీలు భ్రష్టకళ పేరుతో ఆరు వందలకు పైగా కళాఖండాలను అవమానకరంగా గోడలకు వేలాడదీసి జనానికి చూపారు. కోయిలకుంట్ల కోట మీద చేసిన పనికి అది నాగరికమైన రూపం.

ఆ నిర్బంధంలో, 1914లో ఒక కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న ఆ వృద్ధురాలు 1941–42లో తన చివరి రాతి అచ్చు బొమ్మ చేసింది. విత్తనం గింజలను పిండి కొట్టకూడదన్న అర్థం వచ్చే గెటే మాట దానికి పేరు. ఒక తల్లి రెండు చేతులూ చాచి, యుద్ధానికి ఉరకబోయే పిల్లలను తన పైబట్ట కింద అదిమి పట్టుకుని వుంటుంది. ఇందులో హిట్లర్ లేడు, జెండా లేదు. ముసుగు వున్నదనుకుంటే ఇదీ ముసుగే. కాని ఆ ముసుగు తీసి చూడండి. నాజీలు పోయారు, ఆ ప్రకరణం పోయింది. మిగిలిన వాచ్యార్థం ఏమిటి? పిల్లలను యుద్ధానికి పంపవద్దు. వ్యంగ్యం పోయినా వాచ్యం ఎవరికీ హాని చేయదు. ముసుగు కళకు ఇదే పరీక్ష. కాలం మారి ధ్వని ఆగిపోయిన తరువాత మిగిలే మాట ఎవరి చేతిలో ఆయుధమవుతుంది? ఈ పరీక్షకు ఆ బొమ్మ నిలబడుతుంది. మన చారిత్రక కావ్యాలు చాలా వరకు నిలబడవు.

తెలుగులో నిలబడినవి లేవా అంటే వున్నాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతబట్టింది. షేక్ నాజర్ గొంతులో ఆ పాత రూపం కొత్త ఆయుధమయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' నాటకం రాశారు. దానికి మూలం జనగామ ప్రాంతంలో దేశముఖ్‌కు ఎదురు తిరిగి ప్రాణాలు పోగొట్టుకున్న షేక్ బందగీ కథ. రైతు ముసల్మాను, దేశముఖ్ హిందువు, అతడి పైనున్న నిజాం ముసల్మాను. మతాన్ని బట్టి శత్రువును గుర్తుపట్టాలనుకున్నవాడికి ఈ నాటకంలో దారి దొరకదు. భూమిని బట్టి గుర్తుపడితేనే దారి దొరుకుతుంది. ఇది గతం కూడా కాదు, నిన్నటి సంగతి. టికెట్టు ధర చూసి ధైర్యం తెచ్చుకునే వీలు మద్రాసు ప్రభుత్వానికి లేకపోయింది. నాటకాన్ని నిషేధించింది.

మన సీమ దైన్యాన్ని మురుగు కాలవ కళ అని ఎవరైనా అంటారేమోనన్న వెరపు లేకుండా రాసినవారూ వున్నారు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో నాయకుడు రాజు కాడు. రంగడు, గంగమ్మ అనే కష్టజీవులు. కోల్‌విట్స్ మొదటి బొమ్మలోని గదికీ ఆ గుడిసెకూ దూరం లేదు. పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక వెలువరించి, భావం మంచిదైనంత మాత్రాన రచన మంచిది కాదని మన పక్షంవారికే కఠినంగా చెప్పారు. కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం కథల్లో కరువూ, కక్షలూ మీసాల వైభవం లేకుండా, ఇంటి లోపలి నుంచి కనబడతాయి. ఈ సంప్రదాయం చిన్నది కాదు.

కాని జనం కళ్ళ ముందు ఎక్కువగా వున్నది ఇది కాదు. 1999 తరువాత తెలుగు సినిమా రాయలసీమ ముఠాకక్షలను సరుకుగా మార్చింది. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు వింటే బాంబులు, సుమోలు, తొడగొట్టే నాయకుడు గుర్తుకు వచ్చేట్టు చేసింది. 2019లో నరసింహారెడ్డి కథ కూడా పెద్ద సినిమాగా వచ్చింది. పాటలోని పరిమితి తెరమీద పదింతలయింది. వీరుడు ఆకాశమంత పెరిగాడు, కట్టుబడివాడు గుంపులో కలిసిపోయాడు. పాడిన బిచ్చగాడికి వేరే నమూనా తెలియదు. కోట్లు పెట్టి తీసినవారికి తెలియదనలేం. పాళెగాడి పూజ ఏ సీమలో ఇంకా పాళెగాళ్ళను కంటూ వుంటుందో, ఆ సీమలో ఈ తేడాను ఉపేక్షించలేం. నాయకుడి గుర్రం వెనక పరుగెత్తటం అలవాటైన మనిషి, అతడి కారు వెనక కూడా పరుగెత్తుతాడు. తన మాన్యం ఎవరు తిన్నారని అడగడు.

కాబట్టి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నేను చేసే సూచనలు మూడు. 'శివభారతం', 'రాణా ప్రతాపసింహ చరిత్ర' చదవటం మానవద్దు. వాటి ధ్వనికి ప్రాణమిచ్చిన కాలాన్ని కూడా చదివి, ఆ కాలంతోపాటు పాఠం చెప్పండి. అప్పుడే ఆ పద్యాలు తమ అసలు శత్రువు మీదికి తిరుగుతాయి. రెండవది, రేనాటి పాటకు ఇంకా మిగిలి వున్న పాఠాలను సేకరించేటప్పుడు వీరుడి చరణాల దగ్గరే ఆగిపోకండి. ఏ పాఠంలో ఓబన్న ఎంత సేపు నిలబడ్డాడో, ఎక్కడ మాన్యం మాట వచ్చిందో, ఎక్కడ ఆడవాళ్ళ గొంతు వినబడిందో గుర్తించి రాసుకోండి. మూడవది, ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో ఇంకా గుంటమగ్గాల మీద కూర్చునేవారున్నారు. సైలీషియా నేతగాడికి హైనే దొరికాడు, హౌప్ట్‌మన్ దొరికాడు, కోల్‌విట్స్ దొరికింది. మన నేతగాడి ఖాతా పుస్తకం ఇంకా ఎవరూ తెరవలేదు. దాన్ని తెరిచి, అప్పు పద్దు ఎవరి పేరున మొదలయి ఎవరి ఇంట్లో ముగుస్తున్నదో చదవగలిగిన రచయిత కోసం ఈ సీమ ఎదురు చూస్తున్నది.